‘కొత్త’ మారిస్తే ‘పాత’ ఎందుకు మారింది?

ప్రశ్న: పైథాన్‌లో పాత = [40, 55, 62] అని మార్కుల లిస్టు రాసుకుని, కింద కొత్త = పాత అన్నాను. తర్వాత కొత్త[0] = 99 అని మారిస్తే పాతలో కూడా 99 పడింది! విడి అంకెలతో చేస్తే ఇలా జరగలేదు. రేపు ల్యాబ్ పరీక్ష, ఒకటే టెన్షన్. లిస్టుకో రూలు, అంకెకో రూలా?
– డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: రూలు ఒక్కటేనమ్మా. (పైథాన్ 3 తెలుగు పేర్లను ఒప్పుకుంటుందని తెలిసి వాడుతున్నారు, చాలా సంతోషం.)

కొత్త = పాత అంటే లిస్టు కాపీ కాదు. ఉన్న లిస్టుకే ఇంకో పేరు పడుతుంది. ఇంట్లో చిన్నీ, బడిలో సత్యవతి. ఎలా పిలిచినా పలికేది ఒకే పిల్ల. దీన్నే ఏలియాసింగ్ అంటారు.

మరి అంకెలతో ఎందుకు జరగలేదంటే, అక్కడ మీరు రాసింది వేరు. ఎ = 5, బి = ఎ, ఆ తర్వాత బి = 6 అని ఉంటారు. ఆ చివరి లైను 5ని ఏమీ చెయ్యదు, బి అనే పేరును తీసుకెళ్లి 6కి తగిలిస్తుంది. లిస్టుతోనూ అంతే: కొత్త = [1, 2, 3] అని చూడండి, పాత చెక్కుచెదరదు. కాబట్టి ఈక్వల్స్‌కు ఎడమవైపు ఏముందో చూడాలి. ఒట్టి పేరుంటే ఆ పేరు ఒక్కటే కదులుతుంది. పేరు పక్కన బ్రాకెట్ ఉంటే లిస్టు లోపలి సరుకే మారుతుంది, దానికున్న పేర్లన్నిటికీ ఆ మార్పు కనిపిస్తుంది.

పరీక్షలో తరచూ అడిగేది ఇంకోటుంది. కొత్త = కొత్త + [70] అంటే వేరే లిస్టు ఒకటి తయారవుతుంది, పాత అలాగే ఉంటుంది. కొత్త += [70] అంటే మాత్రం ఉన్న లిస్టే పెరుగుతుంది, పాతలోనూ 70 చేరుతుంది. రెండూ ఒకటేనని ఎవరు చెప్పినా లిస్టుల విషయంలో నమ్మకండి.

ఈ తేడాను గుర్తులోనే చూపించే భాషలున్నాయి. ఫోర్ట్రాన్ 90లో పాయింటర్‌ను (మరో వేరియబుల్‌ను చూపించే పేరును) ఒకదానికి తగిలించాలంటే => రాయాలి; ఒట్టి = రాస్తే అది చూపిస్తున్న చోట విలువ మారుతుంది. పీహెచ్‌పీలో అర్రేకి = పెడితే కాపీ, =& పెడితే ఏలియాస్. నన్నడిగితే ఫోర్ట్రాన్ పద్ధతే మేలు, చదివేవాడికి కంటికే తెలిసిపోతుంది. సీ ప్లస్ ప్లస్ రిఫరెన్స్ (ఉన్న వేరియబుల్‌కు పెట్టే ఇంకో పేరు) దగ్గరే మరీ జాగ్రత్త కావాలి: డిక్లేర్ చేసే లైనులో = ఏలియాస్ కడుతుంది, ఆ కింది లైను నుంచి అదే = అసలు వేరియబుల్‌లో విలువ మారుస్తుంది.

మీకు నిజంగా కాపీ కావాలంటే కొత్త = పాత[:] చాలు. లిస్టులో లిస్టులుంటే ఇది పైపొరే కాపీ చేస్తుంది, అప్పుడు కాపీ మాడ్యూల్‌లోని డీప్‌కాపీ వాడండి. ఫంక్షన్‌కి లిస్టు పంపినప్పుడూ కాపీ వెళ్లదు, లోపల దానికి ఇంకో పేరు పడుతుందంతే.