బైపీసీతో రేడియేషన్ బయాలజీ పరిశోధనకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది. క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ మీద పరిశోధన చేస్తానంటోంది. డిగ్రీలో ఫిజిక్స్ లేదు, కుదురుతుందా? రేడియేషన్ దగ్గర పనిచేస్తే ఆరోగ్యం దెబ్బతినదా?

జవాబు: కుదురుతుంది. అయితే ఈ రంగంలో దారులు మూడున్నాయి, వాటిని కలిపేసుకోకండి. రోగిని చూసి చికిత్స నిర్ణయించేది రేడియేషన్ ఆంకాలజిస్టు. దానికి ఎంబీబీఎస్, ఆపైన ఎండీ ఉండాలి. యంత్రం కొలతలు, డోసు లెక్కలు మెడికల్ ఫిజిసిస్టువి. డిగ్రీలో ఫిజిక్స్ చదవనివాళ్లకు అటు దారి లేదు. మీ అమ్మాయి అడుగుతున్నది మూడోది, రేడియేషన్ బయాలజీ. రేడియేషన్ తగిలిన కణంలో డీఎన్ఏ ఎలా తెగుతుంది, ఎలా అతుక్కుంటుంది, కొన్ని గడ్డలు ఎందుకు లొంగవు అన్నది తేల్చే పని. ఉదాహరణకు, ఆక్సిజన్ అందని గడ్డ లోపలి కణాలను చంపాలంటే మామూలు కణాలకంటే రెండున్నర నుంచి మూడు రెట్ల డోసు కావాలి. ఇలాంటి చిక్కులు విప్పేది జీవశాస్త్రం వాళ్లే. కానీ రోగులకు చికిత్స చేసే అర్హత దీంతో రాదు. ఈ మాట అమ్మాయికి ఇప్పుడే చెప్పండి.

ఎమ్మెస్సీకి రేడియేషన్ బయాలజీ అనే పేరు కోసం వెతకక్కర్లేదు. బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్ ఏదైనా సరిపోతుంది. కడపలో యోగి వేమన, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాలు దగ్గర్లోనే ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకైతే సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఎక్కడ చేరినా ముందు ఒకటి కనుక్కోండి: అక్కడ సెల్ కల్చర్ ల్యాబ్ (కణాలను ప్లేట్లలో పెంచే ల్యాబ్) నడుస్తోందా, విద్యార్థుల చేత పని చేయిస్తారా? చూపించి పంపేసే ల్యాబ్ వల్ల ఉపయోగం లేదు.

ఎందుకంటే ఈ రంగంలో అసలు పరీక్ష చేతిపని మీద నిలబడుతుంది. రేడియేషన్ తర్వాత ఎన్ని కణాలు బతికి కాలనీలుగా పెరగగలవో చూసే ఈ పరీక్షను క్లోనోజెనిక్ అస్సే అంటారు. రేడియేషన్ ఇవ్వని ప్లేటులో 200 కణాలు వేసి, 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లో పది పద్నాలుగు రోజులు ఉంచి, రంగు వేసి, కనీసం 50 కణాలున్న గుంపులనే కాలనీలుగా లెక్కపెడతారు. 120 వచ్చాయనుకుందాం, అంటే 60 శాతం. 4 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలమానం) డోసు ఇచ్చిన ప్లేటులో 1,000 కణాలు వేస్తే 90 కాలనీలు వచ్చాయి. రేడియేషన్ లేకపోతే 1,000లో 60 శాతం, అంటే 600 రావాలి. వచ్చినవి 600లో 90, అంటే బతికినవి 15 శాతం. లెక్క సులువే, తప్పులు జరిగేది వేరేచోట. కణాలు విడివిడిగా కాకుండా ముద్దలుగా ఉంటే ఒక్కో ముద్ద ఒక్కో కాలనీగా కనబడి ఫలితం తారుమారవుతుంది. 6 మెగావోల్టుల ఎక్స్‌రే పూర్తి డోసు ఇచ్చేది సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల లోతులో. కిరణం వచ్చే వైపు అంత మందం అడ్డుపలక పెట్టకపోతే కణాలకు అనుకున్న డోసు అందదు. అందుకే ఫిజిక్స్ డిగ్రీ లేకపోయినా డోసు, లోతు, శక్తి గురించిన పాఠాలు సొంతంగా చదువుకోక తప్పదు.

పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్‌ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకోవడం మంచి దారి. 200 మార్కుల్లో 100 మార్కులు పార్ట్ సీవే, అక్కడ ప్రయోగ ఫలితాలిచ్చి తీర్పు అడుగుతారు. బట్టీ పనికిరాదు. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, నిబంధనల ప్రకారం ఇంటి అద్దె అదనం. ముంబైలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం), నవీ ముంబైలో టాటా మెమోరియల్ సెంటర్‌కు చెందిన యాక్ట్రెక్, ఢిల్లీలోని రక్షణ పరిశోధన సంస్థ ఇన్మాస్, మణిపాల్‌లు ఈ పరిశోధనకు పేరున్నవి. పీహెచ్‌డీకి ఐదేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) పడుతుంది. స్థిరమైన ఉద్యోగం ముప్పై దాటాకే అనుకుని లెక్కేసుకోండి. ఇంట్లో తొందరగా సంపాదన కావాల్సి ఉంటే ఇది సరైన దారి కాదని నా అభిప్రాయం. ఈలోగా సైన్స్ అకాడమీలు ఇచ్చే రెండు నెలల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించండి. పరిశోధన ఆమెకు నచ్చుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఇక ఆరోగ్యం సంగతి. ఎక్స్‌రే, గామా కిరణాలు తగిలిన కణాలు తామే రేడియోధార్మికం కావు, ప్లేటు బయటికి తెచ్చాక దాన్నుంచి ఏ కిరణమూ రాదు. యంత్రం కవచం ఉన్న గదిలో ఉంటుంది. దగ్గర పనిచేసేవాళ్లు ఒంటికి తగిలిన డోసును కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ పెట్టుకుంటారు. అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలమానం), ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. గర్భం దాల్చినట్టు తెలియజేస్తే మిగతా కాలంలో శిశువుకు 1 మిల్లీసీవర్ట్ దాటకుండా పని మార్చాలి. రోజువారీ ల్యాబ్‌లో ఆమె ఎక్కువ జాగ్రత్తపడాల్సింది డీఎన్ఏకు రంగు వేసే ఎథిడియం బ్రోమైడ్ లాంటి రసాయనాలతో. గ్లౌజులు వేసుకోకుండా వాటిని ముట్టుకోనే కూడదు.