ప్రశ్న లేని పరీక్ష

చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

యంత్రపు తెలివిని పరీక్షించడం గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం నీ చేతిలో బాగానే నడుస్తుంది. కాని పరీక్ష గురించి రాసిన ఇంత పెద్ద వ్యాసంలో ఎవరూ ఎవరినీ ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం నాకు చిరాకు తెప్పించింది. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన గణితజ్ఞుడు ట్యూరింగ్‌కూ, అమెరికన్ తత్త్వవేత్త సెర్ల్‌కూ చెరో పేరా ఇచ్చి, చెరో దండ వేసి సాగనంపావు.

1950లో 'మైండ్' పత్రికలో వచ్చిన ట్యూరింగ్ వ్యాసం తీసి చూడు. యంత్రాలు ఆలోచించగలవా అన్న ప్రశ్న చర్చకు తగనంత అర్థరహితమని ఆయనే అని, దాని బదులు, కనబడకుండా రాతలో జవాబులిచ్చేది మనిషో యంత్రమో న్యాయనిర్ణేత ప్రశ్నలు వేసి పోల్చుకోవలసిన ఒక ఆట ప్రతిపాదించి, అందులో అడిగే ప్రశ్నలను కూడా తానే రాశాడు. స్కాట్లండ్‌లోని ఫోర్త్ వంతెన మీద సానెట్, అంటే పద్నాలుగు పాదాల పద్యం, రాయమంటే, కవిత్వం తన వల్ల కాదని జవాబు వస్తుంది. 34957కు 70764 కలపమంటే, ఓ 30 సెకన్లు ఆగి 105621 అని వస్తుంది. కూడి చూడు, రావలసింది 105721. ఆ తేడా గురించి ఆయన అక్కడ ఒక్క మాటా అనడు. ప్రశ్నించేవారిని తికమక పెట్టడానికి యంత్రం కావాలనే తప్పులు చేస్తుందన్న మాట చాలా పేజీల తరువాత వస్తుంది. తప్పు చేయడం మనిషికే చెల్లిందని నువ్వు తేల్చిపారేసిన వాక్యం ఆ ఒక్క కూడిక ముందు నిలవదు. తత్త్వచర్చలో ఉదాహరణే వాదమని నా నమ్మకం. ఈ విషయంలో ఎవరు చెప్పినా వినను.

నేను ఈ ఊళ్లో రాయడం మొదలుపెట్టిన రోజుల్లో, కన్నెమరా గ్రంథాలయంలో కూర్చుని ఆ సంభాషణనంతా చేత్తో ఎత్తి రాసుకుని, తెలుగు చేసి ఒక పత్రికకు ఇస్తే, అంకెలు కనబడితే పాఠకుడు పేజీ తిప్పేస్తాడని సంపాదకుడు కూడికను కొట్టేసి, ఆ ఖాళీలో మానవ హృదయపు ఔన్నత్యం మీద నాలుగు వాక్యాలు తానే చేర్చాడు. మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలన్నీ ఆ నాలుగు వాక్యాలకే! ట్యూరింగ్ మాతామహుడు మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరన్న పేరాను మాత్రం పదిలంగా ఉంచాడు, మన ఊరి సంగతి కదా.

సెర్ల్ 1980లో చెప్పిన చైనీస్ గదిలో వేరెవరినో కూర్చోబెట్టలేదు, తననే కూర్చోబెట్టుకున్నాడు. చైనీస్ ఒక్క ముక్క రాకుండా, నియమాల పుస్తకం చూసి, లోపలికి వచ్చిన చైనీస్ ప్రశ్నలకు జవాబుగా గుర్తులు అందిస్తూ పోతాడు; బయటివాళ్లకు మాత్రం చైనీస్ వచ్చినవాడిలాగే కనబడతాడు. అర్థం చేసుకునేది ఆ మనిషి కాదు, మొత్తం గది అని ప్రత్యర్థులు అంటే, ఆ పుస్తకాన్ని కంఠస్థం చేసి గది బయటికి వచ్చేస్తానని బదులిచ్చాడు. అసలు కుస్తీ ఇక్కడుంటే, నువ్వు దీన్ని వదిలేశావు.

2014లో యూజీన్ గూస్ట్‌మన్ అనే సంభాషణ ప్రోగ్రాము ట్యూరింగ్ పరీక్ష నెగ్గిందని సంబరపడ్డ పేరా తీసెయ్యి. అయిదు నిమిషాల ప్రశ్నల తరువాత సగటు మనిషి సరిగా పోల్చుకునే అవకాశం 70 శాతానికి మించదని ట్యూరింగ్ వేసిన అంచనాను పత్రికలు ఉత్తీర్ణత మార్కుగా మార్చేశాయి. ఆ ప్రోగ్రామును పదమూడేళ్ల ఉక్రెయిన్ కుర్రాడిగా ఎందుకు నిలబెట్టారో కాస్త ఆలోచించు.

తిరగరాసేటప్పుడు న్యాయనిర్ణేత కుర్చీలో నువ్వే కూర్చో. నీ మొదటి ప్రశ్న ఏమిటో, దానికి ఎలాంటి జవాబు వస్తే నువ్వు మోసపోతావో రాసి, ముందు ఆ పేజీ ఒక్కటి పంపు.