యాంగిల్ ఎంతో బూటునడగండి

ఈ నెల ఉత్తరాలన్నీ ఒకే దారిలో వచ్చాయి: ఆల్పైన్ స్నోబోర్డు, గట్టి బూట్లు, బూటును బోర్డుకు పట్టి ఉంచే బైండింగుల సెట్టింగు. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. బోర్డును అడ్డంగా జార్చకుండా, ఎడ్జ్ (పక్కనుండే లోహపు అంచు) మీదికి వాల్చి, ఆ ఎడ్జ్ మంచును కోసుకుంటూ పోయిన దారిలోనే మలుపు తిరగడాన్ని కార్వింగ్ అంటారు. ఆల్పైన్ బోర్డు ఆ పని కోసమే పుట్టింది. సన్నగా, బిరుసుగా ఉంటుంది.

ప్రశ్న: అన్నగారూ, చాలా ఏళ్లుగా మెత్తటి బూట్లతో మామూలు స్నోబోర్డు నడుపుతున్నాను. ఈ మధ్య వాడిన ఆల్పైన్ బోర్డు ఒకటి కొన్నాను. పొడవు 164 సెం.మీ., నడుము దగ్గర వెడల్పు 20 సెం.మీ. దాంతోపాటు ప్లేట్ బైండింగులు, గట్టి బూట్లు వచ్చాయి. బూటు సోలు కొలిస్తే 30 సెం.మీ. ఉంది. పాత బోర్డు మీద బైండింగులు ముందు కాలికి 15 డిగ్రీలు, వెనక కాలికి మైనస్ 12 పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు 65 పెట్టమని ఒకరు, 45 చాలని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి? – కె.ఆర్., అరోరా, కొలరాడో

జవాబు: ఇద్దరినీ పక్కనపెట్టి మీ బూటునడగండి తమ్ముడూ. నేను బాలానగర్‌లో లేతు మెషీను మీద పని నేర్చుకున్నవాణ్ణి. కొలత చేతిలో ఉండగా అభిప్రాయాలతో పనేముంది?

బైండింగు డిగ్రీలను బోర్డుకు అడ్డంగా ఉండే గీత నుంచి లెక్కపెడతారు. సున్నా అంటే పాదం పూర్తిగా అడ్డం. 15 డిగ్రీల దగ్గర మీ 30 సెం.మీ. సోలు అడ్డంగా 29 సెం.మీ. ఆక్రమిస్తుంది. బోర్డేమో 20. వేళ్లు ఒక పక్క, మడమ ఒక పక్క నాలుగేసి సెంటీమీటర్లు బయటికి వేలాడతాయి. బోర్డు బాగా వాలగానే ఎడ్జ్ కంటే బూటు గట్టిగా మంచుకు తగులుతుంది, ఎడ్జ్ పైకి లేస్తుంది, మీరు పడతారు. 45 దగ్గర కూడా పొడవు ఒక్కటే 21కి వస్తుంది, దానికి సోలు వెడల్పు తోడవుతుంది. 60 దగ్గర పొడవు సరిగ్గా సగం, 15. వెడల్పు కలుపుకున్నా బోర్డు మీద దాదాపు ఒదిగిపోతుంది. సోలు మూలలు గుండ్రం కదా, అదీ కలిసొస్తుంది. బైండింగు కూర్చునేచోట బోర్డు నడుము కంటే ఓ అర సెంటీమీటరు వెడల్పు కూడా. అందుకని ముందు కాలు 60, వెనక కాలు 57తో మొదలుపెట్టండి. రెండూ ముందుకే చూడాలి, మైనస్ మాట మర్చిపోండి. 65 పెట్టే రేసర్ల బోర్డు నడుము మామూలుగా ఇంకా సన్నం, వాళ్ల లెక్క వేరు. 45 చాలన్నాయన బోర్డు వెడల్పైనా అయ్యుండాలి, ఆయన పాదం చిన్నదైనా అయ్యుండాలి.

డిగ్రీలు పెట్టాక బూటును బైండింగులో బిగించి, స్కేలును నిలువుగా ఎడ్జ్‌కి ఆనించి చూడండి. వేళ్ల పక్క ఎంత మిగిలిందో మడమ పక్క కూడా అంతే మిగలాలి. తేడా వస్తే డిగ్రీలు కదపొద్దు. బూటును ముందూ వెనకా పట్టుకునే కమ్మీల స్థానం మార్చి బూటునే జరపండి. చాలామంది ఈ పని ఎగ్గొట్టేసి, తర్వాత ఒక వైపు మలుపు కుదరడం లేదని ఉత్తరం రాస్తారు.

స్టాన్స్ వెడల్పుకి తొడ లోపలి నుంచి నేల దాకా కాలు పొడవు కొలిచి 0.6తో గుణించండి. 80 సెం.మీ. అయితే 48. రెండు బైండింగుల నడిమధ్యల మధ్య దూరం అది. మరీ ఎడం పెడితే నిలకడగానే ఉంటుంది కానీ మోకాళ్లు, తుంటి ఆడవు.

ఇక బైండింగు కింద పెట్టే వాలు ముక్కలు, అదే వెడ్జ్‌ల సంగతి. కొందరు వీటిని అలంకారం అనుకుంటారు. నా లెక్కలో అసలు సుఖం వీటిలోనే ఉంది. మెత్తటి బూట్లో చీలమండ నాలుగు దిక్కులా వంగుతుంది కాబట్టి అడ్జస్ట్ అయిపోతారు. గట్టి బూటు అలా వంగదు. కాళ్లు ఎడంగా పెట్టి, ముందుకు చూస్తూ, గుంజీలు తీసేవాడిలా కొంచెం కుంగి చూడండి. వెనక కాలి మడమ దానంతటదే లేస్తుంది, ముందు కాలి వేళ్లు పైకి లేద్దామంటాయి. ఆ లేచినచోట ఖాళీ నింపడమే వెడ్జ్ పని. ముందు బైండింగుకి వేళ్ల కింద 3 డిగ్రీలు, వెనక దానికి మడమ కింద 3 డిగ్రీలు చాలు. పాదాలు అంత ముందుకు తిరిగి ఉంటాయి గనుక ఈ రెండు వెడ్జ్‌లే మోకాళ్లను ఒకదాని వైపు ఒకటి తెస్తాయి. పక్కకు వాల్చే కాంట్ వేరే వేస్తే, కొండెక్కే ముందు కార్పెట్ మీద బూట్లతో పది నిమిషాలు కుంగి లేవండి. మోకాలి లోపలో పక్కనో లాగుతుంటే కాంట్ వద్దు. బూటు వెనకున్న లీవర్‌తో వెనక కాలిని ముందు కాలి కంటే ఒక మెట్టు ఎక్కువ ముందుకు వంచండి.

బిగించేటప్పుడు పోజీడ్రైవ్ 3వ నంబరు స్క్రూడ్రైవరే వాడండి. చూడ్డానికి మామూలు స్టార్ లాగే ఉంటుంది, కానీ పెద్ద గాట్ల మధ్య సన్నటి గీతలు నాలుగుంటాయి. ఇంట్లో ఉన్న స్టార్‌తో తిప్పితే ఎం6 స్క్రూ తల అరిగిపోతుంది, తర్వాత ఊడదు. డ్రిల్లు మెషీను అసలొద్దు, చేత్తోనే. ఒకట్రెండు రన్‌లు (కొండ వాలు దారులు) దిగాక మళ్లీ ఓసారి బిగించండి. మార్చినప్పుడల్లా ఒక్కటే మార్చి ఫోన్లో రాసుకోండి.

ప్రశ్న: నమస్తే అండీ. తాహో వెళ్తుంటాము. ఆల్పైన్ బోర్డు మీద టో సైడ్ మలుపు, అంటే వేళ్ల పక్క ఎడ్జ్ మీద తిరిగేది, హాయిగా వస్తోంది. మడమ పక్కది, హీల్ సైడ్ మాత్రం సగంలో టకటకమని ఎగిరి జారిపోతుంది. ముందు 60, వెనక 48 పెట్టుకున్నాను, తుంటికి సుఖంగా ఉంటుందని. బోర్డు మార్చెయ్యాలా? – ఎస్.ఎల్., ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: బోర్డుకేమీ కాలేదమ్మా, డబ్బు దాచుకోండి. మీ 60కీ 48కీ మధ్యున్న 12 డిగ్రీల దగ్గరే నా అనుమానం. వెనక పాదం అంత అడ్డం తిరిగితే తుంటి కూడా టో సైడ్‌కి తిరిగిపోతుంది. హీల్ సైడ్ మలుపులో అప్పుడు మీరు చేయగలిగింది ఒక్కటే, కుర్చీలో కూర్చున్నట్టు నడుం వెనక్కి పడేయడం. బరువంతా ఎడ్జ్ దాటి లోపలికి పోతుంది, ఎడ్జ్ పట్టు వదులుతుంది. ఆ టకటక అదే. వెనక కాలిని 56కి తెండి. తేడా 3 నుంచి 5 డిగ్రీల లోపే ఉండాలి.

తర్వాత సులువైన రన్ మీద ఈ పని చేయండి. హీల్ సైడ్ మొదలవగానే వెనక చేతిని ముందు కాలి బూటు పైఅంచు దాకా చాచండి. చెయ్యి వెళ్లాలంటే భుజం తిరగాలి, భుజంతో తుంటి తిరుగుతుంది, కూర్చోవడం ఆగిపోతుంది. ఆగి మీ జాడ చూసుకోండి. పెన్సిల్‌తో గీసినంత సన్నగా ఉంటే కార్వ్ అయినట్టే. వెడల్పుగా తుడిచినట్టుంటే ఇంకా జారుతున్నారు.

అప్పటికీ మారకపోతే హీల్ సైడ్ ఎడ్జ్ మీద గోరు అడ్డంగా గీయండి. గోరు పొడి రాలితే పదును ఉంది. రాలకపోతే షాపులో ఎడ్జ్‌కి సాన పట్టించండి, దానికి బైండింగు ఏం చేస్తుంది పాపం. ఇంకొకటి: తాహోలో మార్చి ఎండకి మధ్యాహ్నానికల్లా మంచు తడిసి మెత్తబడుతుంది. మీ సెట్టింగు మీద తీర్పు చెప్పాల్సింది పొద్దున్నే, మంచును చదును చేసే గ్రూమర్ యంత్రం గీసిన చారలు ఇంకా చెరగకముందు. మలుపు మొదలెట్టే ముందు భుజం మీదుగా పైకి చూడడం అలవాటు చేసుకోండి. రూలు ప్రకారం కిందున్నవాళ్లకే దారి. కానీ కార్వింగ్ చేసే మనిషి రన్ ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్తారని పైనుంచి వచ్చేవాళ్లు ఊహించరు.

ప్రశ్న: సర్, మేము మ్యూనిక్‌లో ఉంటాం. ఎస్తేర్ లెడెత్స్కా వీడియోలు చూసి మా పద్నాలుగేళ్ల బాబు ఆల్పైన్ బోర్డు కావాలంటున్నాడు. వాడికి స్కీ బూట్లున్నాయి, అవే సరిపోతాయా? – ఒక అమ్మ

జవాబు: 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో స్కీ సూపర్-జి, స్నోబోర్డు ప్యారలల్ జెయింట్ స్లాలమ్, రెండింటా స్వర్ణం కొట్టింది ఆవిడ. బాబు అభిరుచి మంచిదే. స్కీ బూటు ప్లేట్ బైండింగులో పడుతుంది, ఒకటి రెండు రోజులు రుచి చూడ్డానికి ఫర్వాలేదు. అదే పాదానికి స్కీ బూటు సోలు మామూలుగా పొడుగు. కాబట్టి డిగ్రీలు ఇంకా పెంచాలి, పక్కలకి బిరుసు ఎక్కువ. ఇష్టం నిలబడితే వాడిన స్నోబోర్డు గట్టి బూట్లు చూడండి, ఎదిగే పిల్లాడికి కొత్తవి దండగ. ఒకటి మాత్రం వాడికి గట్టిగా చెప్పండి. పడినప్పుడు స్కీ బైండింగు ఊడుతుంది, ఇది ఊడదు. రెండు కాళ్లూ బోర్డుకే ఉంటాయి. హెల్మెట్ లేకుండా కొండెక్కనివ్వొద్దు.

ప్రశ్న: జనవరిలో ఇండియా వస్తున్నా. ఆల్పైన్ బోర్డు గుల్‌మార్గ్‌కి తేనా? – వి., డాలస్

జవాబు: వద్దు. గుల్‌మార్గ్ పేరు లోతైన మెత్తటి మంచుకి. గండోలా (కేబుల్ కారు) రెండో దశ ఆఫర్వాత్ మీద 3,900 మీటర్లకు పైన దింపుతుంది. అక్కణ్ణించి కిందికి యంత్రం చదును చేసిన రన్‌లు కావు. సన్నటి ముక్కున్న మీ బోర్డు ఆ మంచులో కూరుకుపోతుంది. అవలాంచ్ (మంచు చరియలు విరిగిపడే) భయం ఉన్న కొండ కూడా, గైడు లేకుండా పక్కదారులు పట్టొద్దు. మీ మెత్తటి బూట్లు మాత్రం తెచ్చుకోండి, బోర్డు అక్కడే అద్దెకు దొరుకుతుంది.