పీహెచ్‌సీలో పరిశోధన కుదురుతుందా? రాని రోగుల దగ్గర మొదలుపెట్టండి

మీరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) వైద్యాధికారిగా కొత్తగా చేరారు. ఓపీ, టీకాలు, నివేదికలతోనే రోజు గడిచిపోతోందని, ఇక్కడ పరిశోధన కుదురుతుందా, అది బోధనాసుపత్రుల పనేనా అని అడిగారు. తెలంగాణలో ఒక పీహెచ్‌సీలో కొన్నేళ్లు వైద్యాధికారిగా పనిచేశాను. కుదురుతుందని గట్టిగా చెప్పగలను. కొన్ని ప్రశ్నలకైతే జవాబు అక్కడే ఉంటుంది, పెద్దాసుపత్రిలో దొరకదు.

నా అనుభవం బీపీతో మొదలైంది. 2017లో అధిక రక్తపోటు నియంత్రణకు దేశంలో ఒక ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. తొలి విడత ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. నేను కూడా ఉత్సాహంగా లెక్కలు వేశాను. ఓపీకి వచ్చిన వాళ్లలో ఎక్కువ మందికి బీపీ 140/90 కంటే తగ్గింది. చాలా సంతోషించాను. ఒకరోజు మా ఏఎన్‌ఎం (ఉపకేంద్రం నర్సు) రిజిస్టరు తిరగేస్తూ, "మేడమ్, వీళ్లలో చాలామంది మూడు నెలలుగా రావడమే లేదు" అంది. నేను లెక్కపెట్టింది వచ్చిన వాళ్లను మాత్రమే. మందులు మానేసిన వాళ్లు, పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లు, నా లెక్కలోనే లేరు. పేరు నమోదైన ప్రతి ఒక్కరినీ లెక్కలోకి తీసుకోవాలి, ఆ మూడు నెలల్లో రాని వాళ్లను విడిగా చూపాలి. ఈ ఒక్క సంగతి నా వైద్యాన్నే మార్చింది.

రాని వాళ్ల పేర్లు రాసుకుని ఆశా కార్యకర్తతో కలిసి సాయంత్రాలు ఇళ్లకు వెళ్లాను. ఒక పెద్దావిడ నన్నే అడిగింది: "బీపీ మామూలుగా ఉందని మీరే చెప్పారు కదమ్మా, ఇంక మందెందుకు?" ఆమె తప్పేమీ లేదు, నా మాటే అలా ఉంది. ఆ తర్వాత నుంచి "మందు వేసుకుంటున్నారు కాబట్టే అదుపులో ఉంది, మానేస్తే మళ్లీ పెరుగుతుంది" అని ప్రతి ఒక్కరికీ చెప్పడం అలవాటు చేసుకున్నాను. పత్తి ఏరే రోజుల్లో ఓపీకి వస్తే కూలి పోతుందని కొందరన్నారు. ఒకాయన హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉండి వచ్చాడు. అక్కడ బస్తీ దవాఖానాకు వెళ్లాడు కానీ, ఏ మాత్ర వాడుతున్నాడో చెప్పలేకపోయాడు, చేతిలో చీటీ లేదు. సోమరితనమో నిర్లక్ష్యమో కారణమని నేను ఓపీ గదిలో కూర్చుని అనుకున్నది ఎంత తప్పో అప్పుడు తెలిసింది. మందు పేరు, మోతాదు తెలుగులో రాసి ఇవ్వడం, నెలనెలా ఇచ్చే మాత్రలను ఉపకేంద్రంలో సాయంత్రం వేళ అందించడం అప్పటి నుంచే మొదలుపెట్టాం. మూడు నెలలయ్యాక మళ్లీ అదే లెక్క వేశాం. నా దృష్టిలో పరిశోధన అంటే ఇదే.

రిజిస్టరును మాత్రం ఉన్నది ఉన్నట్టు నమ్మకండి. మా పాత పేజీల్లో బీపీ అంకెలు దాదాపు అన్నీ సున్నాతోనే ముగిసేవి: 130/80, 140/90. మనుషుల బీపీ అలా ఉండదు, కొలిచేటప్పుడు చేయి అలా రాస్తుంది. డిజిటల్ యంత్రం వాడి, రోగిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేతికి సరిపడే పట్టీ కట్టి, యంత్రం చూపిన అంకెనే రాయమని సిబ్బందికి నేర్పాక గానీ మా లెక్కకు విలువ రాలేదు.

ఇది చిన్న పని అనుకోకండి. వేల్స్‌లోని గ్లిన్‌కోర్గ్ అనే బొగ్గుగనుల పల్లెలో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వైద్యుడు తన దగ్గర నమోదైన పెద్దవాళ్లందరి బీపీ కొలిచాడు, రాని వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి మరీ. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే అది తక్కువగా దొరుకుతుందని 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది ఆయనే. మన పొరుగునే, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో వైద్య దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ పల్లె స్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరే నవజాత శిశువుల సంరక్షణ చేయించారు. 39 గ్రామాల్లో చేసిన ఆ పని 1999లో లాన్సెట్‌లో అచ్చయింది. ఆశా కార్యకర్తలు ఇప్పుడు పసిబిడ్డల ఇళ్లకు వెళ్లి చూసే పద్ధతికి మూలం అక్కడే ఉంది.

ఇక అనుమతుల సంగతి. మీ కేంద్రం సేవలు మెరుగుపరచుకోవడానికి లెక్కలు చూసుకోవడం మీ ఉద్యోగంలో భాగమే. ప్రచురించాలనుకుంటే మాత్రం మొదలుపెట్టకముందే నైతిక సంఘం (పరిశోధనలను పరిశీలించే ఎథిక్స్ కమిటీ) అనుమతి తీసుకోవాలి. దగ్గరలోని వైద్య కళాశాలలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగాన్ని కలవండి. అనుమతితో పాటు గణాంకాలు చూడగలిగిన తోడు కూడా అక్కడే దొరుకుతుంది. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదవలేని వాళ్లకు సాక్షి ఎదుట చదివి వినిపించాలి.

ఈ వారం ఒక్క ఉపకేంద్రం రిజిస్టరు తీసుకోండి. మూడు నెలలుగా రాని వాళ్లలో పది మందిని ఎంచుకుని ఆశా కార్యకర్తతో వెళ్లండి. ప్రశ్నాపత్రం వద్దు. మందలించడానికి వచ్చారనుకుంటే "రేపు వస్తాం డాక్టరమ్మా" అని పంపించేస్తారు. అరుగు మీద కూర్చుని, వాళ్ల పని ఎలా సాగుతోందో ముందు అడగండి.