రోమన్ కాంస్య నాణెం మీది ముఖం చక్రవర్తిదా, చెక్కినవాడిదా?

రోమన్ కాంస్య నాణేల మీద కనిపించే చక్రవర్తుల ముఖాలు నిజంగా వారి పోలికలేనా, కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు ఆ ముఖాల శైలిని ఎలా పోల్చి చూడాలి అని ఇక్కడ ఒకరు అడిగారు. నా సమాధానం సూటిగా చెబుతాను: చుబుకం చక్రవర్తిది, చెవి చెక్కినవాడిది, అంటే నాణెం కొట్టే అచ్చును చెక్కిన పనివాడిది. ఈ మాట నాకు చెప్పినది నాణేల పండితుడెవరూ కాదు. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మా మామయ్యగారు.

ఉత్తర ఇంగ్లండులో ఉద్యోగం చేసుకుంటూ నేను చాలాకాలంగా ఈ నాణేలు కొంటున్నాను. బంగారం, వెండి జోలికి పోకపోవడానికి డబ్బు ఒక కారణమే గాని అదే అసలు కారణం కాదు. రోమన్ల వెండి దినారియస్ వ్యాసం 20 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి అందులో ముఖానికి దక్కే చోటు బొటనవేలి గోరంత. సెస్టెర్షియస్ అనే పెద్ద నాణెం అలా కాదు. 30 మిల్లీమీటర్లు దాటి, మంచి కాలంలో సుమారు 25 గ్రాముల బరువు తూగుతుంది. దానిని ఇత్తడితోనూ, ఆస్ అనే చిన్న నాణేన్ని రాగితోనూ ముద్రించేవారు. సేకరించేవారు మాత్రం అన్నిటినీ కలిపి కాంస్య నాణేలనే అంటారు. అంత చోటు దొరికినప్పుడే చెక్కేవాడి చెయ్యి బయటపడుతుంది. నీరో మెడ కింద కొవ్వు మడతలు, వెస్పేసియన్ బట్టతల, బిగించిన పెదవులు, కొక్కెంలాంటి ముక్కు, వీటన్నిటినీ తీరికగా చూడాలంటే సెస్టెర్షియస్‌నే చూడాలి.

ముఖం ఎంతవరకు నిజమన్నది ఆ చక్రవర్తి ఏం కోరుకున్నాడన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అగస్టస్ క్రీ.శ. 14లో 75 ఏళ్ల వయసులో చనిపోయేనాటికి కూడా నాణేల మీద యువకుడుగానే ఉన్నాడు. క్రీ.శ. 69లో అధికారానికి వచ్చిన వెస్పేసియన్ తన ముడతలను దాచుకోలేదు. నీరో విలాసాలతో విసిగిన ప్రజలకు ముసలి సైనికుడి ముఖం చూపించడమే లాభమని అతడు గ్రహించాడని నా అభిప్రాయం. ఈ ఇద్దరి గురించీ అందరూ రాస్తారు కాబట్టి నేను మరొకరి దగ్గరికి వెళ్తాను.

మాక్సిమినస్ థ్రాక్స్ క్రీ.శ. 235లో రైన్ నది సరిహద్దులో, అప్పటి చక్రవర్తి సెవెరస్ అలెగ్జాండర్‌ను సైనికులు చంపిన తరువాత, వాళ్ల చేతనే చక్రవర్తిగా ప్రకటించబడినవాడు. 238లో ఇటలీలోని అక్విలేయా నగరపు ముట్టడిలో తన సైనికుల చేతిలోనే చనిపోయేదాకా అతడు చక్రవర్తి హోదాలో రోమ్‌లో అడుగుపెట్టలేదు. కాని రోమ్‌లోని టంకశాల ఆగదు కదా. అందుకే అతని తొలి నాణేల మీద ముఖం పాత చక్రవర్తి అలెగ్జాండర్ ముఖానికి కొంచెం వయసు కలిపినట్టు మెత్తగా ఉంటుంది. 236 తరువాత, పేరు చివర జర్మనీ విజేత అన్న బిరుదు చేరిన నాణేల మీద మాత్రం ముందుకు పొడుచుకువచ్చిన పెద్ద చుబుకం, బరువైన నొసలు, లోతైన కళ్లు కనిపిస్తాయి. పేరు ఒకటే, మనిషి మారిపోయాడు.

మా మామయ్యగారు మమ్మల్ని చూడడానికి వచ్చినప్పుడు యార్క్‌లో నాణేల సంత జరుగుతుంటే వెంట తీసుకువెళ్లాను. రాళ్లూ రప్పలూ చూడడానికి ఇంతదూరం తెచ్చావా అన్నట్టు మొదట కాస్త బిగుసుకుని నడిచారు. ఒక వృద్ధ వర్తకుడి బల్ల మీద మాక్సిమినస్ సెస్టెర్షియస్‌లు రెండు, ఒకటి తొలినాటిది, ఒకటి తరువాతిది, పక్కపక్కనే కనిపించాయి. నేను వర్తకుడి అనుమతి అడిగి రెండింటినీ నల్ల మఖమలు గుడ్డ మీద పెట్టి, చుబుకాల తేడా మామయ్యగారికి చూపించాను. ఆయన అది పెద్దగా పట్టించుకోలేదు. భూతద్దం తీసుకుని చాలాసేపు చూసి, జేబులోని బస్సు టికెట్టును రెండు ముక్కలు చేసి, ఒక్కొక్క ముఖం మీద ఒక్కొక్క ముక్కను అడ్డం పెట్టారు. నొసలు, ముక్కు, చుబుకం కప్పబడిపోయి చెవి, దాని చుట్టూ జుట్టు, మెడ వెనక వేలాడే పట్టీ ముడి మాత్రం మిగిలాయి.

“ఇప్పుడు చూడండి అల్లుడుగారూ, ఇవి రెండూ ఒకే చెయ్యి. ఈ చెవి తమ్మె చూశారా, చివర చిన్న చుక్క పెట్టి వదిలేశాడు. చుట్టూ జుట్టు కూడా చిన్న చిన్న గాట్లుగా ఒకే వాలులో కొట్టాడు. మనిషి పోలిక మార్చమంటే మారుస్తాడు గాని చెవి ఎవరు చూస్తారని అలవాటు కొద్దీ గీస్తాడు. నా దగ్గర చదువుకున్న పిల్లలు గాంధీగారిని గీసినా నెహ్రూగారిని గీసినా చెవి మాత్రం ఎవరి చెవి వాళ్లే గీసేవారు, పేరు రాయకపోయినా కాగితం ఎవరిదో చెప్పేవాణ్ని,” అన్నారు.

నేను ఆ మాటలను ఇంగ్లీషులో చెప్పగానే వర్తకుడు నవ్వి, బల్ల కింది డబ్బాలోంచి సెవెరస్ అలెగ్జాండర్ సెస్టెర్షియస్ ఒకటి తీసి మూడోదిగా పెట్టాడు. మామయ్యగారు దాని ముఖం మీద కూడా టికెట్టు ముక్క పెట్టారు. చెవి తమ్మె చివర అదే చుక్క ఉంది. చంపబడిన చక్రవర్తికీ, అతని చోటులో కూర్చున్నవాడికీ ఒకే చెవి. ఆ రోజు మూడింటినీ కొన్నాను. ధర గురించి ఇంట్లో జరిగిన చర్చ ఈ ప్రశ్నకు సంబంధించినది కాదు.

మరి రోమ్‌కు రాని మనిషి చుబుకం రోమ్‌లోని చెక్కేవాడికి ఎలా తెలిసింది? చరిత్రకారుడు హెరోడియన్ రాసినదాని ప్రకారం, జర్మనీ యుద్ధంలో తాను పోరాడుతున్న దృశ్యాలను పెద్ద పెద్ద చిత్రాలుగా గీయించి సెనేట్ భవనం ఎదుట పెట్టించమని మాక్సిమినస్ ఆజ్ఞాపించాడు. చెక్కేవాడు ఆ చిత్రాన్ని చూసే చుబుకం మార్చాడని నేను నమ్ముతున్నాను. అధికారిక నమూనా విగ్రహం పంపి ఉంటారని పండితులు అనవచ్చు. అనుకోనివ్వండి. చిత్రం ఊరి నడుమ నిలబడి ఉండగా నమూనా కోసం ఎదురుచూస్తూ కూర్చునే పనివాడిని నేను ఎక్కడా చూడలేదు.

ఈ చెవి పద్ధతికి నేటి కాలంలో పెద్ద శత్రువులు నాణేలను “బాగుచేసే”వాళ్లు. అరిగిపోయిన సెస్టెర్షియస్‌ను సన్నని ఉలితో మళ్లీ చెక్కి, జుట్టు వెంట్రుకలు వేరువేరుగా తేల్చి, నేపథ్యాన్ని గీకి నున్నగా చేసి, పైన ఆకుపచ్చ రంగు పూసి అమ్ముతారు. అప్పుడు ఆ చెవి రెండో శతాబ్దపు పనివాడిదీ కాదు, మూడో శతాబ్దపు పనివాడిదీ కాదు. నిన్నమొన్నటి గ్యారేజీలో కూర్చున్నవాడిది. ఇంట్లో నిమ్మరసంలో నానబెట్టి చిలుము వదిలించేవారు ఇంకో రకం. శతాబ్దాలు నేలలో పట్టిన గట్టి చిలుమే చాలా నాణేలకు చర్మం. అది పోతే చెక్కిన గీతల అంచులు కూడా దానితోపాటే పోతాయి. మరీ అందంగా, నవ్వబోతున్నట్టు కనిపించే ముఖం ఎదురైతే నేను మొదట పదహారో శతాబ్దపు పాడువా నగరాన్ని తలచుకుంటాను. అక్కడ జొవాన్ని కవీనో అనే శిల్పి రోమన్ సెస్టెర్షియస్‌లకు నకళ్లను ఎంతో నైపుణ్యంతో తయారుచేశాడు. అసలు రోమన్ పనివాడికి అంత తీరిక ఉండేది కాదు.

చెవి తరువాత చూడవలసినది ఊరు. నీరో కాంస్య నాణేలు రోమ్‌లోనూ లుగ్డునమ్‌లోనూ, అంటే నేటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో, ముద్రించారు. లుగ్డునమ్ ముఖాల కింద మెడ కొసన ఒక చిన్న గోళం ఉంటుంది, రోమ్ వాటికి ఉండదు. ఆ గోళాన్ని గుర్తుగా పెట్టుకుని రెండు గుట్టలు వేరుచేసిన తరువాత, తెలియకుండానే కన్ను మిగిలిన తేడాలను పట్టుకోవడం మొదలుపెడుతుంది. క్రీ.శ. 294 ప్రాంతంలో డయోక్లీషియన్ తెచ్చిన పెద్ద కాంస్య నాణేల దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి తలకిందులవుతుంది. అప్పుడు సామ్రాజ్యాన్ని పంచుకుని ఏలుతున్న నలుగురు పాలకులు ఒక్కటేనని చాటడానికి నలుగురికీ ఒకే చదరపు తల, లావు మెడ, పొట్టి గడ్డం పెట్టారు. చుట్టూ ఉన్న అక్షరాలు మూసేస్తే ఎవరు ఎవరో చెప్పడం కష్టం. అందువల్లే ఇవి విసుగు పుట్టిస్తాయని చాలామంది అంటారు. నాకు మాత్రం ఇవే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇక్కడ మనిషి తప్పుకోగానే టంకశాల ఒక్కటే మిగులుతుంది. ట్రియర్, లండన్, సిస్కియా, ఆంటియోక్, అలెగ్జాండ్రియా టంకశాలలు ఒకే చదరపు తలను తమతమ అలవాటు ప్రకారం చెక్కాయి, ఆ టంకశాల గుర్తు నాణెం వెనక వైపు కింది గీత దిగువన అక్షరాలలో స్పష్టంగా ఉంటుంది.

అందుచేత చక్రవర్తికి ఒకటి చొప్పున వరుసగా పేర్చుకునే సేకరణను నేను ఎవరికీ సూచించను. అది హాజరుపట్టీ అవుతుంది గాని పోలిక కాదు. ఒక్క చక్రవర్తిని ఎంచుకుని రెండు ఊళ్ల నుంచి, లేదా ఒక్క ఊరిని ఎంచుకుని వరుసగా ఇద్దరు చక్రవర్తుల నుంచి నాణేలు తీసుకోండి. డబ్బు తక్కువగా ఉంటే కాన్‌స్టంటైన్ చక్రవర్తి చిన్న నాణేలు చవకగా దొరుకుతాయి, టంకశాలలు కూడా ఎన్నో. బ్రిటన్‌లో ఉన్నవారికి కరౌసియస్ మరీ మంచి అవకాశం: 286లో ఇక్కడ తిరుగుబాటు చేసిన ఈ సేనాని తొలి నాణేలలో కొన్ని పాత చక్రవర్తుల నాణేల మీదనే మళ్లీ కొట్టినవి కావడంతో, అతని లావు మెడ కిందినుంచి వేరొకరి పేరులోని అక్షరాలు తొంగిచూస్తుంటాయి. సోమర్‌సెట్‌లోని ఫ్రోమ్ దగ్గర 2010లో ఒకే కుండలో దొరికిన 52,503 నాణేలలో అతనివి ఏడువందలకు పైగా ఉన్నాయి. టాంటన్‌లోని మ్యూజియంలో ఆ నిధిని చూడవచ్చు. మోటు చేతులు, ఆరితేరిన చేతులు పక్కపక్కనే కనిపించే చోటు ఇంతకన్న మంచిది నాకు తెలియదు.

హైదరాబాద్, విజయవాడలలో ఉన్నవారికి ఒక మాట. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ నాణేలు వెండివి, ప్రధానంగా అగస్టస్, టైబీరియస్ కాలపువి. తమిళనాడులో దొరికే చివరి కాలపు చిన్న రోమన్ కాంస్య నాణేలు చాలావరకు ఎంతగా అరిగి ఉంటాయంటే వాటిలో చెవి వెతకడం వృథా. పొలంలో దొరికిందంటూ ఎవరైనా తెచ్చి చూపిస్తే కొనకండి. దొరికిన నిధిని అధికారులకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది, వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. పోలికలు చూడడానికి మ్యూజియంల వెబ్‌సైట్లలోని పెద్ద ఫొటోలు మొదట సరిపోతాయి. వాటిని అచ్చు తీసుకుని, కాగితం ముక్క అడ్డం పెట్టి, చెవి దగ్గర మొదలుపెట్టండి.