టీడీఏ1543 స్థానంలో పీసీఎం5102ఏ పెట్టవచ్చా?

రెండూ డిజిటల్ ఆడియోను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే చిప్‌లే (డీఏసీలు), కాబట్టి పెట్టవచ్చు, కానీ ఒకటి ఊడదీసి ఇంకొకటి అతికించినంత తేలిక కాదు. టీడీఏ1543 కరెంటు రూపంలో సిగ్నల్ ఇస్తుంది. అందుకే దాన్ని వోల్టేజీగా మార్చడానికి చిప్ తర్వాత రెసిస్టరో ఆప్ ఆంపో (ఆంప్లిఫయర్ చిప్) ఉంటుంది. పీసీఎం5102ఏ నేరుగా 2.1 వోల్టుల సిగ్నల్ ఇస్తుంది. కాబట్టి ఆ భాగాన్ని, అవుట్‌పుట్‌లో డీసీని ఆపే కప్లింగ్ కెపాసిటర్లను నిస్సంకోచంగా తీసేయండి. 470 ఓమ్‌లు, 2.2 నానోఫారడ్‌ల చిన్న ఫిల్టర్ చాలు. నాకు బాగా నచ్చిన మార్పు ఇదే.

అసలు ప్రమాదం వోల్టేజీలో ఉంది. కొత్త చిప్‌కు 3.3 వోల్టులే. డేటా, క్లాకు తీగలు 5 వోల్టులతో వస్తుంటే లెవెల్ తగ్గించకుండా కలపవద్దు, చిప్ పాడవుతుంది. మీ సర్క్యూట్‌లో మాస్టర్ క్లాకు (చిప్‌కు బయటి నుంచి వచ్చే ప్రధాన టైమింగ్ సిగ్నల్) లేకపోతే, అది వచ్చే ఎస్‌సీకే పిన్‌ను గ్రౌండుకు కలపండి. అన్నీ సరిగ్గా ఉన్నా శబ్దం రాలేదా? శబ్దాన్ని ఆపే (మ్యూట్) ఎక్స్‌ఎస్‌ఎంటీ పిన్ చూడండి: అది గ్రౌండుకు తగిలి ఉంటే చిప్ మౌనంగానే ఉంటుంది, 3.3 వోల్టులకు కలపాలి.