బెనిఫిట్ షోకి పాపాయి ఎందుకే చిన్నీ

ఏమే చిన్నీ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, నువ్వైనా చెప్పు దానికి" అని మొదలుపెట్టింది. నాలుగు నెలల పాపను చంకనేసుకుని ఉదయం ఆరు గంటల షోకి, అదీ బెంగళూరులో మడివాళ వైపు ఆ జనంలోకి వెళ్తున్నావట. గుండె గుభేలుమంది. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వొచ్చింది. బిడ్డ పుట్టగానే మన ఇళ్లలో ఆడవాళ్లు ముందు మానేసేది సినిమానే, నువ్వు మానలేదు. ఐదేళ్లప్పుడు హిందూపురంలో నా ఒళ్లో కూర్చుని, రెండు వేళ్లు నోట్లో పెట్టి, విజిల్ రాక గౌనంతా ఉమ్ము చేసుకున్న పిల్లవి, నీ పిచ్చి ఎక్కడికి పోతుందిలే.

ముందు తిట్టాల్సినవి తిట్టేస్తా. నాకు ఈమధ్య జనమంటేనే భయం. 2024 డిసెంబరు 4న హైదరాబాదులో ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. సరిగ్గా ఆరు నెలలకు, జూన్ 4న, మన ఊళ్లోనే చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది. వాళ్లూ నీలాగే సంబరంగా ఇంట్లోంచి బయల్దేరినవాళ్లే. ఆ గేటు దగ్గర నువ్వు పాపను ఎత్తుకుని నిలబడ్డట్టు ఊహించుకుంటేనే నాకు నిద్ర పట్టదు, కాబట్టి మొదటి రోజు మాట మర్చిపో.

తర్వాత సౌండు. మీ అక్క లెక్క చెప్పింది. 85 డెసిబెల్స్ శబ్దం పెద్దవాళ్లు రోజుకు 8 గంటలు భరించొచ్చట, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగమైపోతుంది, 100 దగ్గర పావుగంటే. పెద్ద ఫైట్లలో థియేటర్ సౌండు 100 కూడా దాటగలదు. పసిదాని చెవి ఏమవుతుంది? దూది పెడతాననకు, దూది చాలదు.

ఇక నా సంగతి. ఇది నీకెవరూ చెప్పి ఉండరు, నేనే ఎవరికీ చెప్పలేదు.

1997. మీ అక్క అప్పటికి ఏడు నెలల పాప. మెజెస్టిక్‌లో అప్పట్లో ఎటు చూసినా థియేటర్లే, నర్తకి, సంతోష్, సప్న ఒకే ఆవరణలో, కాస్త నడిస్తే కపాలి (దాన్ని 2017లో మూసేస్తే మీ పెదనాన్న రెండు రోజులు దిగులుగా తిరిగారు). పెళ్లయిన కొత్తలో ఒకచోట టికెట్లు దొరక్కపోతే పక్కదానికి పరిగెత్తేవాళ్లం. పాప పుట్టాక అదే మొదటి సినిమా. పేర్లు పడుతుండగానే అది ఉలిక్కిపడి కెవ్వుమంది, వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు, మీ పెదనాన్న లేవబోయేలోపే నేను లేచిపోయాను. నన్నెవరూ లేవమనలేదే, అది గుర్తుపెట్టుకో.

లాబీలో ఐదు నిమిషాలకే భుజం మీద నిద్రపోయింది. లోపలికెళ్తే మళ్లీ లేస్తుందని అక్కడే నిలబడ్డా. క్యాంటీన్ కుర్రాడు ఇంటర్వెల్ కోసం పేపర్ ముక్కలు చింపి ఒక్కోదాని మీద రెండేసి సమోసాలు పెడుతున్నాడు. ఎవరైనా బాత్రూంకి వచ్చినప్పుడల్లా ఆ బరువు తలుపు తెరుచుకుని, కర్టెన్ పక్కకి జరిగి, చారెడు వెలుతురు, సగం డైలాగు బయటికొచ్చి మళ్లీ మూసుకుపోయేవి. విజిళ్లు పడితే హీరో, దగ్గులు వినబడితే సెంటిమెంటు, అలా కథ నేనే అల్లుకున్నా. ఇంటర్వెల్‌లో మీ పెదనాన్న వచ్చి "పాపనిలా ఇవ్వు, సెకండాఫ్ నువ్వు చూడు" అన్నారు. అన్నారే! ఇన్నేళ్లూ ఆడిపోసుకున్నానుగానీ ఆ మనిషి చేతులు చాపి మరీ అడిగారు. నేనే "వద్దులెండి, మీరు చూసిరండి" అన్నా, అదీ నవ్వుతూ. ఆయన నమ్మేశారు. ఇంకోసారి అడుగుతారేమోనని చూశా.

ఇంటికొచ్చేటప్పుడు చేతక్ మీద, నన్ను సంతోషపెడదామని కాబోలు, ఎవరు ఎవరి తమ్ముడో, చివర్లో ఎవరు పోతారో, క్లైమాక్స్ మొత్తం చెప్పేశారు. మూడు రోజులు మాట్లాడలేదు నేను. ఎందుకో తెలియక, పాపం, చారులో ఉప్పెక్కువైందన్నందుకు అలిగాననుకున్నారట. ఆ తర్వాత ఏడేళ్లు థియేటర్ మెట్లెక్కలేదు. చుట్టాలెవరైనా అడిగితే "పిల్లతో ఎలా కుదురుతుంది" అనేదాన్ని, అది పక్కనే కూర్చుని వినేది. ఒకరోజు అన్నం తింటూ అంది, "అమ్మా, నేను బయట ఆడుకుంటాలే, నువ్వు లోపలికెళ్లి చూసుకో" అని. ముద్ద దిగలేదు నాకు.

ఆ మంగళవారం దాన్ని స్కూల్ వ్యాన్ ఎక్కించి ఒక్కదాన్నే మార్నింగ్ షోకి వెళ్లా. అది 2004, కన్నడ కాని కొత్త సినిమాలు ఏడు వారాలు ఆగి విడుదలవ్వాలని ఇక్కడి ఫిల్మ్ చాంబర్ పట్టుబట్టిన ఏడాది, కన్నడ సినిమాకే వెళ్లా. తెలిసినవాళ్లు చూస్తారేమోనని తలమీద కొంగు కప్పుకున్నా, దొంగతనానికి వెళ్తున్నట్టు. సినిమా ఏమంత బాగాలేదు. అయినా పేర్లు పడ్డప్పటి నుంచి చివరిదాకా కుర్చీలోంచి కదల్లేదు.

అందుకే చెప్తున్నా, అల్లుడు "నేను చూసుకుంటా, నువ్వు వెళ్లు" అంటే మొదటిసారికే సరే అనెయ్. మొహమాటం వద్దు, రెండోసారి అడగరు మగవాళ్లు. ఒకరు చూశాక ఇంకొకరు వెళ్లండి, ముందు నువ్వే. ఓటీటీలో చూద్దాంలే అని సర్దుకుంటే మూడు గంటల సినిమా మూడు రోజులు చూస్తావు, అదీ సౌండు తగ్గించి. పాపాయిని తీసుకెళ్లే రోజు దానంతటదే వస్తుంది, సగం ఖాళీగా ఉన్న హాలు, చివరి సీటు, సర్టిఫికెట్ మీద 7+, 13+ ఏముందో చూసుకుని వెళ్తే చాలు.

ఈసారికి నేనొస్తున్నా. సోమవారం మార్నింగ్ షోకి మీ ఇద్దరికీ టికెట్లు బుక్ చెయ్యి. పాలు పిండి ఉంచు, బయటైతే 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా కంగారు లేదు. మధ్యలో "పాప ఏం చేస్తోంది" అని మెసేజులు పెడితే ఫోన్ స్విచాఫ్ చేసేస్తా.

వచ్చాక కథ మాత్రం చెప్పకు. నాకు మంగళవారానికి టికెట్ ఉంది.

మీ పెద్దమ్మ